చక్కెర గడ్డ పిప్పి, జోజప్ప పిడికిలి

ముందుగా ఒట్టు

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. మా అమ్మ మీద ఒట్టు. నా రెండు కళ్ళ మీద ఒట్టు. అవి చాలవంటే మా ఆవిడ చేసే పచ్చిపులుసు మీద ఒట్టు. ఈ మూడోది నేను తేలిగ్గా వేసే ఒట్టు కాదు. అబద్ధమని తేలితే ఇక జన్మలో నా విస్తట్లో పచ్చిపులుసు పడదని తెలిసే వేస్తున్నాను.

నన్ను ఎరిగినవాళ్ళు ఈపాటికే నవ్వుతూ ఉంటారు. హన్మకొండలో మా వీధి వాళ్ళు ‘సదానందం పది చెప్తే రెండు నమ్మాలె’ అంటారు. ఈసారి పదీ నమ్మండి.

యాభై మూడేళ్ళకే ఉద్యోగం చాలించి ఇంట్లో కూర్చున్నాను. మా చెల్లెలి బిడ్డ బయోటెక్నాలజీలో చేరుతూ నన్ను అడిగింది.

“మామా, గీ ఉద్యోగంల అసలేం చేస్తరు?”

“చేతులు కడుక్కుంటం.”

“మజాక్ చెయ్యకు మామా!”

“మజాక్ కాదు బిడ్డా. పొద్దుగాల కడుగుతం, ముట్టుకునే ముందు కడుగుతం, ముట్టుకున్నంక కడుగుతం. మధ్యల టైం దొరికితే సైన్సు.”

ఆ పిల్ల నమ్మలేదు. ఆమె కోసం, ఆమెలాంటి వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ఆర్డర్లు, ఫైళ్ళు వదిలేస్తాను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే. నాకు పాఠం నేర్పినవి రెండే రెండు: ఒక బర్రె, ఒక మనిషి. బర్రె మీద నాకు కోపం లేదు. మనిషి మీద మాత్రం ఇరవై నాలుగు గంటలూ మండిపోయే అసూయ ఉండేది. ఎక్కువ భాగం దాని గురించే.

పిప్పి ఆగదు

నెక్కొండ పక్కన ఒక చిన్న ఫ్యాక్టరీ ఉండేది. దాని పేరు చెప్పను. చెరుకు బదులు చక్కెర గడ్డతో చక్కెర తీయవచ్చేమో చూద్దామని పెట్టారు. చక్కెర గడ్డ అంటే బీట్‌రూట్‌కు వరసకు అన్న. తెల్లగా, లావుగా, ముల్లంగిని ఎవరో కొట్టి వాచేలా చేసినట్టు ఉంటుంది. దాన్ని సన్నగా తరిగి వేడి నీళ్ళలో నానబెడితే తీపి నీళ్ళలోకి దిగుతుంది. తీపి పోయాక మిగిలేది పిప్పి. ఆ పిప్పిని పనికొచ్చే వస్తువుగా మార్చడమే మా విభాగం పని.

బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. గడ్డ కోతకొచ్చేది ఎండలు ముదిరాకే. మా ఎండలో తడి పిప్పి ఒక రోజు ఆగుతుంది. రెండో రోజు పులుస్తుంది. మూడో రోజు దాని పక్కన మనం ఆగలేం. మొదటి ఏడాది గుట్టగా పోసి వదిలేస్తే వచ్చిన వాసనకు, నెక్కొండ స్టేషన్లో ఆగాల్సిన ప్యాసింజర్ బండి వాసన పసిగట్టి, వేగం పెంచి, ఆగకుండా వెళ్ళిపోయింది. టికెట్ కొన్నవాళ్ళు ప్లాట్‌ఫారం మీద నిలబడి చేతులు ఊపారు. ఒట్టు వేశానని మళ్ళీ గుర్తు చేస్తున్నాను.

పుస్తకాల్లో అంతా ‘వ్యర్థం నుంచి విలువ’ అనే ఉంటుంది. అసలు పని గడియారంతో పోటీ. పిప్పిని ఎలాగూ ఏదో ఒక సూక్ష్మజీవి తినేస్తుంది. మనకు కావలసిన జీవిని అన్నిటికంటే ముందు కూర్చోబెట్టడమే మన విద్య. పంక్తిలో ముందు మనవాణ్ణి కూర్చోబెట్టడం లాంటిది. మిగతాదంతా పెద్ద మాటలు.

బర్రె నేర్పిన పాఠం

నా మొదటి ఆలోచన పశువుల మేత. గొయ్యి తవ్వి, పిప్పి నింపి, గాలి తగలకుండా మూస్తే పుల్లటి మేతగా మారుతుంది. నెలలు నిలవ ఉంటుంది. మంచి ఆలోచనే. నేను గొయ్యి నింపించాను, పైన పట్టా కప్పించాను, కానీ పిప్పిని గట్టిగా తొక్కించలేదు. ఎండ ఎక్కువగా ఉంది, కూలీలు అలిసిపోయారు, నేను ఇంకా ముందే అలిసిపోయాను. సందుల్లో గాలి మిగిలింది. గాలి, మిగిలిన తీపి, ఎండ కలిస్తే ఏమవుతుందో కల్లు తాగేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

గేటు ఎదురుగా టీ హోటల్ నడిపే కొండల్‌కు ఒక బర్రె ఉండేది. పేరు రాణి. ఒకరోజు మధ్యాహ్నం అది పట్టా లాగేసి కడుపునిండా తిన్నది. తర్వాత కొండల్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“సారూ, నా బర్రెకు ఏం తాపిన్రు?”

“ఏమైందే?”

“అడ్డంగ నడుస్తాంది సారూ! ఇటు రమ్మంటే అటు పోతాంది. మా ఆమెను చూసి తల వంచి దండం పెట్టింది. పెండ్లయి పద్దెనిమిదేండ్లయింది, గిసొంటిది నేను సుత పెట్టలే!”

వెళ్ళి చూశాను. రాణి హోటల్ గోడకు ఆనుకుని, ఎవరో పెద్దమనిషి రాజకీయాలు చెప్తుంటే వింటున్నట్టు తల ఆడిస్తూ నిలబడింది. రెండు రోజులు దాని పాలు తియ్యగా వచ్చాయి. కొండల్ టీలో చక్కెర వేయడం మానేశాడు. తాగినవాళ్ళంతా ‘ఏమన్న టీ చేసినవు కొండల్!’ అన్నారు. మూడో రోజు రాణి మామూలైంది, టీ కూడా మామూలైంది, గిరాకీ తగ్గింది. కొండల్ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, “సారూ, జర ఇంకో గంప ఇయ్యరాదూ?” అని అడిగాడు.

అప్పటి మా పై అధికారి మురళీధర్ గారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. ఆయనకు ఈ కథ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. “సదానందం, రిజల్ట్ చెప్పు. రీజన్ తర్వాత.”

“గొయ్యి పోయింది సార్.”

“ఇప్పుడు రీజన్ చెప్పు.”

“సరిగ్గా తొక్కించలేదు సార్.”

“ఎవరు?”

“నేనే సార్.”

“గుడ్. మళ్ళీ తవ్వు.” అంతే. ఆయన కోప్పడలేదు. తప్పు ఒప్పుకోవడం ఇంత తేలిక అని ఆ రోజు అనుకున్నాను. తప్పు బర్రె దగ్గర జరిగితే తేలికే.

ఏడో ట్రే

నాకు అసూయ మొదట ఎప్పుడు పుట్టిందో ట్రే నంబరుతో సహా చెప్పగలను. ఏడు.

మేత తర్వాత మేము చేపట్టింది ఎంజైము. పిప్పిలో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఎక్కువ. ఒక రకం నల్ల బూజుకు అదంటే ప్రాణం. సీజన్లో కొంత ఎండబెట్టి ఏడాదికి సరిపడా దాచుకున్న పిప్పిని తడిపి, ఉడికించి, ట్రేలలో పరిచి, ఆ బూజు చల్లితే నాలుగైదు రోజుల్లో తింటూ తింటూ జిగురును కరిగించే ఎంజైమును వదులుతుంది. దాన్ని నీళ్ళతో కడిగి వడకడితే టీ డికాక్షన్ రంగులో ద్రవం వస్తుంది. ఆ ద్రవం ఎవరికి కావాలి? వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ళకు కావాలి. ముడి నూలుకు పైన మైనం, లోపల ఇదే జిగురు ఉంటాయి. అవి ఉన్నంతవరకు నూలుకు నీళ్ళు పట్టవు, రంగు పట్టదు. అందుకని సోడా వేసి సలసల కాగే నీళ్ళలో ఉడికిస్తారు. మా ద్రవం అయితే గోరువెచ్చటి నీళ్ళు చాలు.

ఈ పనికి కాంట్రాక్టు మీద ఒక టెక్నీషియన్ వచ్చాడు. పేరు జోజప్ప. నా వయసువాడే. కాజీపేటలో బేకరీలో పాతికేళ్ళు పిండి కలిపాడు. బేకరీ మూతపడ్డాక మా దగ్గర చేరాడు. చదువు ఇంటర్. మెడలో చిన్న శిలువ, జేబులో దువ్వెన, మొహంలో ఎప్పుడూ ఒక ప్రశాంతత. ఆ ప్రశాంతతే నాకు మొదట నచ్చలేదు.

ట్రేలో తడి ఎంత ఉండాలనేదే ఈ పనిలో కీలకం. ఎక్కువైతే ఊపిరాడక బూజు చస్తుంది, పక్కవాడు వచ్చి కూర్చుంటాడు. తక్కువైతే ఆకలితో ఎండిపోతుంది. నేను పిప్పిని తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్ళీ తూచి, లెక్క కట్టి నీళ్ళు కలిపేవాణ్ణి. జోజప్ప పిడికెడు తీసి పిండేవాడు. వేళ్ళ సందుల్లో తడి మెరవాలి, చుక్క కింద పడకూడదు.

“ఎంత శాతం జోజప్పా?” అని అడిగాను మొదటి రోజు.

“శాతం నాకెర్క లేదు సార్. గిది సాలు.”

ఒకటి నుంచి ఆరు ట్రేలు నావి. ఏడోది అతనిది. ఐదో రోజు తలుపు తీస్తే నా ఆరు ట్రేలలో నాలుగింటి మీద పచ్చటి మచ్చలు. వేరే బూజులు, పిలవని చుట్టాలు. ఏడో ట్రే మీద మాత్రం అంచు నుంచి అంచు దాకా నల్లటి మఖమల్ పరిచినట్టు ఉంది. కొలిస్తే దాని బలం నా మంచి ట్రేకు రెట్టింపు.

మురళీధర్ గారు దాన్ని చూసి, “ఎవరిది?” అన్నారు.

నేను నోరు తెరిచేలోపు జోజప్ప, “అందరం కలిసి చేసినం సార్” అన్నాడు.

తనదే అని ఉంటే నేను అతన్ని క్షమించేవాణ్ణి. గొప్పలు చెప్పుకునేవాడి మీద అసూయ ఎక్కువ రోజులు నిలవదు, జాలిగా మారుతుంది. పంచిపెట్టేవాడి మీద పుట్టిన అసూయకు మందు లేదు.

సర్వపిండి

తర్వాత ఎవరు చూడ్డానికి వచ్చినా జోజప్ప ట్రే దగ్గరే ఆగేవాళ్ళు. నా చార్టుల ముందు ఎవరూ ఫోటో దిగలేదు. నల్ల బూజుతో సెల్ఫీలు దిగారు. ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో ఆ ట్రేకు వచ్చినన్ని దండాలు మా అమ్మాయి పెళ్ళి ఫోటోలకు రాలేదు.

కొత్తవాడలో మాకు నూలు ఇచ్చి పరీక్ష చేసేది లచ్చక్క. ఆమె వాళ్ళ నేతవాళ్ళ సంఘానికంతటికీ నూలు ఉడికించి ఇస్తుంది. సోడా నీళ్ళలో నానీ నానీ ఆమె వేళ్ళ మీద చర్మం ఉల్లిపొరలా లేచిపోయేది. సోడా లేని పద్ధతి కోసం ఆమెకున్నంత ఆశ నాకు కూడా లేదని అనిపించేది. మేమిద్దరం వెళ్తే మొదటి పలకరింపు ఎవరికో చెప్పాలా?

“జోజన్నా, రా రా, కూసో. గీ సర్వపిండి నీకోసమే దాచిన.” తర్వాత నా వైపు చూసి, “సారు సుత కూసోండ్రి. గా స్టూలు జర ఊగుతది, పైలం.”

“నాకూ పెట్టు లచ్చక్కా, నేనూ మనిషినే” అన్నాను ఒకసారి.

“మీరు లెక్కల మనిషి సారూ. గిండ్ల నూనె ఎంత శాతమున్నదో తెల్వకుంట ఎట్ల తింటరు?” అని పకపకా నవ్వింది.

జోజప్ప తన సర్వపిండిని సగానికి విరిచి నాకిచ్చాడు. తిన్నాను. అద్భుతంగా ఉంది. అది ఇంకా మండింది.

యువకులారా, ఈ వృత్తిలో మీకు ఇది తప్పకుండా ఎదురవుతుంది. మీకంటే తక్కువ చదివినవాడు మీకంటే బాగా చేస్తాడు. చదువుకు సమాధానం కావాలి. సమాధానం దొరక్కపోతే అది తప్పు వెతకడం మొదలుపెడుతుంది. నేను జోజప్పలో తప్పు వెతకడానికి ఒక నెల పెట్టాను. చివరికి ఫ్రిజ్ కింది అరలో దొరికింది.

పాత ముద్ద

ప్రతి బ్యాచ్‌కూ నేను ప్రయోగశాల నుంచి తెప్పించిన, సర్టిఫికెట్ ఉన్న బూజును గాజు గొట్టంలోంచి తీసి చల్లేవాణ్ణి. జోజప్ప అలా చేయడం లేదు. బాగా వచ్చిన ట్రేలోంచి ఒక గుప్పెడు తీసి, ఉడికించిన గుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో దాచి, తర్వాతి ట్రేకు దాన్నే చల్లుతున్నాడు. బేకరీలో నిన్నటి పిండి ముద్ద నేటి పిండిలో కలుపుతారట. అదే అలవాటు. దాన్ని ‘పాత ముద్ద’ అనేవాడు. డబ్బా మీద లేబుల్ లేదు, తేదీ లేదు.

“ఇది ఎప్పటిది జోజప్పా?” అన్నాను.

“ఎనిమిది నెల్ల సంది నడుస్తాంది సార్. గిది మన పిప్పికి మరిగింది. మీ గొట్టంల దానికి ఆలుగడ్డ రుచి తెలుసు, పిప్పి రుచి తెల్వదు.”

అతను చెప్పింది శాస్త్రమే. గొట్టంలో బూజును ఆలుగడ్డ రసం మీద పెంచుతారు. ఎనిమిది నెలలుగా పిప్పి మీదే బతికి, బతకగలిగిందే మిగిలి, మిగిలిందే పెరిగిన బూజు అతని డబ్బాలో ఉంది. పెద్ద సంస్థలు ఏళ్ళ తరబడి పనిగట్టుకుని చేసే పని అది. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అర్థం కాలేదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను గానీ, అర్థమైంది.

సరిగ్గా అప్పుడే మురళీధర్ గారు మమ్మల్నిద్దర్నీ పిలిచారు.

“వచ్చే వారం కొత్తవాడ సంఘం ముందు ట్రయల్. నూలు పాసైతే వాళ్ళు మన ఎంజైము వాడతారు, జోజప్పను నేను పర్మనెంట్ చేయిస్తాను. ఫెయిలైతే పైవాళ్ళు కాంట్రాక్టు పోస్టు తీసేస్తారు. నా చేతుల్లో ఏమీ ఉండదు. ప్రిపేర్ చేసుకోండి.”

బయటికి వచ్చాక జోజప్ప నా చెయ్యి పట్టుకున్నాడు. అతను కంగారుపడటం నేను చూసింది అదే మొదటిసారి.

“సార్, ఈ వయసుల ఇంకో పని దొరకదు సార్. జర మీరు పక్కపొంటి ఉండాలె.”

“నేనున్నా కదా, ఫికర్ ఎందుకు?” అన్నాను.

మర్నాడు జోజప్ప నూలు తేవడానికి కొత్తవాడ వెళ్ళాడు. నేను ఫ్రిజ్ తెరిచాను. మా గోడ మీద ఒక నియమావళి వేలాడుతూ ఉంటుంది. అందులో తొమ్మిదో నియమం: ‘లేబుల్, తేదీ లేని కల్చర్‌ను వెంటనే నాశనం చేయవలెను.’ కల్చర్ అంటే ఇలా పెంచి దాచుకునే బూజు. ఆ నియమావళి రాసింది నేనే. నియమం మంచిదే. ఇప్పటికీ మంచిదనే అంటాను. డబ్బా తీసి ఆటోక్లేవ్‌లో పెట్టాను. ఆటోక్లేవ్ అంటే మీ ఇంట్లో ప్రెషర్ కుక్కరే, కాస్త బలిసింది. ఇరవై నిమిషాలు ఆవిరి పట్టించాను. ఎనిమిది నెలల ప్రాణం ఇరవై నిమిషాల్లో పోయింది. రిజిస్టర్లో ‘నియమం 9 ప్రకారం’ అని రాసి సంతకం పెట్టాను. నా జీవితంలో అంత చక్కటి దస్తూరితో ఇంకెప్పుడూ రాయలేదు.

చూశారా, లేబుల్ లేకపోతే లేబుల్ అంటించాలి. అది రెండు నిమిషాల పని. గుండీ అంత ముక్క తీసి గొట్టంలో దాచాలి. అది ఐదు నిమిషాల పని. నేను ఇరవై నిమిషాల పని ఎంచుకున్నాను. అసూయ ఎప్పుడూ కత్తి పట్టుకుని రాదు. చాలాసార్లు రూల్సు పట్టుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని వస్తుంది.

జోజప్ప తిరిగి వచ్చి, ఖాళీ అర చూసి, కడగడానికి పెట్టిన సామాన్లలో తన డబ్బా చూశాడు. రిజిస్టరు తిరగేశాడో లేదో నాకు తెలియదు.

“ముద్ద పోయిందా సార్?” అన్నాడు.

“లేబుల్ లేదు కదా జోజప్పా.”

“అవు సార్. లేబుల్ లేదు.” అంతే అన్నాడు. గాజు గొట్టంలోని నా బూజు తీసుకుని, ట్రేలు పరవడానికి వెళ్ళాడు. సమయం ఐదు రోజులే ఉంది.

కొత్తవాడలో

లచ్చక్క ఇంటి ముందు పందిరి కింద సంఘం పెద్దలు కూర్చున్నారు. రెండు గంపలు, వాటి ముందు ఒక నీళ్ళ తొట్టి. ఒక గంపలో సోడాలో ఉడికిన నూలు, రెండో గంపలో మా ఎంజైములో నానిన నూలు ఆరబెట్టి తెచ్చారు. పరీక్ష చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. నూలు చిలపను, అంటే చుట్టి కట్టిన నూలు కట్టను, మంచినీళ్ళ తొట్టిలో వదలాలి. నూలుకు నీళ్ళు పడితే మునుగుతుంది. పట్టకపోతే తేలుతుంది. మునిగితే పాస్.

సోడా చిలప ఊపిరి పీల్చినంత సేపట్లో అడుక్కి వెళ్ళింది. తర్వాత లచ్చక్క మా చిలప వదిలింది. తేలింది. ఒక పక్క నెమ్మదిగా తడిసి, వంగి, మళ్ళీ ఆగింది. అందరూ తొట్టి మీదకు వంగారు.

“మునుగే, మునుగు” అని లచ్చక్క చిలపతో మాట్లాడుతోంది. “జోజన్నా, గిదేందే? పోయిన నెల రాయి లెక్క మునిగింది గదా!”

జోజప్ప తొట్టి వైపే చూస్తున్నాడు. జేబులోని దువ్వెనను తీస్తున్నాడు, పెడుతున్నాడు.

మురళీధర్ గారు గడియారం చూసి, “ఫెయిల్. ఇప్పుడు రీజన్. ఎవరు?” అన్నారు.

నేను లేచాను. లేచి, ఆ పందిరి కింద, సంఘం పెద్దలందరి ముందు, “నేనే సార్. మంచి కల్చర్ జోజప్ప దగ్గర ఉండె. దాన్ని నేను చంపేసిన. రూలు కోసం కాదు, ఓర్వలేక” అన్నాను.

లచ్చక్క చేతిలోని చెంబు జారింది. మురళీధర్ గారు “గుడ్” అన్నారు, బర్రె రోజు అన్నట్టే. సంఘాన్ని ఇంకో నెల గడువు అడిగారు. జోజప్ప ముద్ద చుట్టిన పాత గుడ్డ ఒకటి ఉతక్కుండా మూలన ఉంటే, దాని మడతల్లోంచి పిసరంత నల్లపొడి గీకి, నేనూ అతనూ కలిసి మళ్ళీ పెంచాం. నెల తర్వాత చిలప రాయిలా మునిగింది. లచ్చక్క ఈలవేసింది. జోజప్ప పర్మనెంటయ్యాడు. ఆ రోజు నా కోసం వేరేగా సర్వపిండి చేసి, స్టూలు కూడా గట్టిది వేశారు.

ఒప్పుకోలు

ఇంతవరకు చదివి, ఇందులో కల్పన ఏదా అని మీరు వేళ్ళు మడుస్తూ ఉంటారు. బండి ఆగకపోవడమా? పదిమంది చూశారు, వెళ్ళి అడగండి. వాసనకే ఆగలేదా, సిగ్నల్ సంగతా అన్నది మాత్రం వాళ్ళు చెప్పలేరు. బర్రె దండం పెట్టడమా? తల వంచింది. దండమా కాదా అన్నది కొండల్ భార్యకే తెలియాలి.

కల్పించింది కొత్తవాడ పందిరి కింద నేను లేచాక జరిగినదంతా. నేను లేవలేదు.

“ఎవరు?” అని మురళీధర్ గారు అడిగిన మాట నిజం. నేను ఊగే స్టూలు మీద కూర్చుని, అది ఊగకుండా రెండు కాళ్ళూ నేలకు బిగబట్టి, తొట్టిలోకి చూస్తూ ఉన్నాను. ‘నేనే’ అనడానికి ఎంతసేపు పడుతుంది? నాకు అంతకు పదిరెట్ల వ్యవధి దొరికింది. మురళీధర్ గారు తొందర మనిషే, ఆ రోజు మాత్రం తొందరపడలేదు. నా వైపు ఒకసారి చూశారు కూడా. ఆయన రిజిస్టరు చూసే వచ్చారేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

“నాదే తప్పు సార్” అన్నాడు జోజప్ప. “ముద్ద మీద పేరు రాసుకోవాలె. రాసుకోలే.”

అలా అంటున్నప్పుడు అతను నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఆ నెలాఖరుకు కాంట్రాక్టు పోస్టు తీసేశారు. గుడ్డ మడతల్లోంచి పొడి గీకాలన్న ఆలోచన నాకు రెండేళ్ళ తర్వాత, ఇంట్లో అన్నం తింటుండగా వచ్చింది. అప్పటికి గుడ్డ ఎక్కడ? లచ్చక్క మళ్ళీ సోడా పొయ్యి వెలిగించింది. నా సర్టిఫికెట్ బూజుతో ఇంకో ఏడాది ట్రేలు నడిపాను, రిపోర్టులు రాశాను. తర్వాత ఫ్యాక్టరీ వాళ్ళు పిప్పినంతా ఎండబెట్టి దాణాకు పంపేయడం మొదలుపెట్టారు. నేను ఉద్యోగం మానేశాను.

పోయిన వేసవిలో పని మీద కేసముద్రం వెళ్ళాను. మార్కెట్ యార్డు దగ్గర ఒక చిన్న బేకరీ ముందు జనం వరుసలో నిలబడి ఉన్నారు. రొట్టె కోసం వరుసలో నిలబడే ఊరు కాదది. లోపల జోజప్ప ఉన్నాడు, మోచేతుల దాకా పిండితో. నన్ను చూసి మొహమంతా వెలిగింది.

“సారూ! ఎట్లున్నరు? పానం మంచిగుందా? ఆగుండ్రి, ఇప్పుడే పొయ్యిల నుంచి తీస్తాన్న.”

వేడి బన్ను ఒకటి కాగితంలో చుట్టి, వరుసలో ఉన్నవాళ్ళకంటే ముందు నా చేతిలో పెట్టాడు. నేను చెప్పాలనుకున్నాను. చెప్పడానికే ఆగాను. నోట్లో బన్ను ఉంది.

అతని వేళ్ళ మీద అసూయ పడ్డాను, అతనికొచ్చిన ఫోటోల మీద పడ్డాను, సర్వపిండి మీద పడ్డాను. అవన్నీ ఇప్పుడు గుర్తు చేసుకుంటే నవ్వొస్తుంది. నవ్వురానిది ఒక్కటే మిగిలింది. ‘నాదే తప్పు’ అన్న మాట ఆ రోజు నా నోట్లోంచి రావలసింది. అది నా సొంత మాట. దాన్ని కూడా నాకంటే ముందు, నాకంటే బాగా అతనే అన్నాడు.